మా అమ్మాయి ఆర్మీ ఇంజనీర్స్‌లో కల్నల్ అవ్వాలంటే…

ప్రశ్న: మాది అనంతపురం. ఇరవై ఏళ్లుగా బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే బీఈ సివిల్ మూడో ఏడు చదువుతోంది. ఆర్మీ ఇంజనీర్స్‌లో చేరి కల్నల్ దాకా వెళ్తానంటోంది. "ఐఈఎస్ (యూపీఎస్సీ పెట్టే ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష) రాసి ఎంఈఎస్‌లో చేరినా అదే కదా" అంటారు వాళ్ల నాన్న. నిజమేనా? ఇప్పట్నుంచి ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, ముందు మీవారి సందేహం తీర్చేద్దాం. ఎంఈఎస్ అంటే మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్, కంటోన్మెంట్లలో భవనాలు, రన్‌వేలు, నీళ్లు, కరెంటు చూసే శాఖ. అందులో యూనిఫాం వేసుకున్న ఆఫీసర్లూ ఉంటారు, యూపీఎస్సీ పరీక్ష రాసి వచ్చిన సివిలియన్ ఇంజనీర్లూ ఉంటారు. రెండోదీ మంచి ఉద్యోగమే. కానీ ఆ దారిలో వెళ్తే సైనిక ర్యాంకు ఉండదు, కల్నల్ అన్న మాటే రాదు.

ఇంజనీరింగ్ డిగ్రీతో అమ్మాయిలు వెళ్లే టెక్నికల్ దారి ఎస్‌ఎస్‌సీ టెక్, అంటే షార్ట్ సర్వీస్ కమిషన్ టెక్నికల్. టీజీసీ (టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్స్) గురించి ఎవరైనా చెప్తే, అది అబ్బాయిలకే. వయసు 20 నుంచి 27 మధ్య ఉండాలి, పెళ్లి కాకూడదు. శిక్షణ పూర్తయ్యేదాకా చేసుకోకూడదు కూడా. ఇంట్లో సంబంధాల మాట మొదలయ్యే లోపే ఈ సంగతి అందరికీ తెలియాలి. రాతపరీక్ష లేదు. మార్కుల్ని బట్టి ఎస్‌ఎస్‌బీకి, అంటే ఆఫీసర్లని ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డుకి, పిలుస్తారు. ఫైనలియర్ వాళ్లకి ఆరో సెమిస్టర్ వరకు వచ్చిన సగటు చూస్తారు. అమ్మాయిలకు ఒక్కో కోర్సులో సీట్లు సుమారు ముప్పై మాత్రమే, అవీ అన్ని బ్రాంచీలకూ కలిపి. కాబట్టి ఈ రెండు సెమిస్టర్లే మీ చేతిలో ఉన్నవి. బ్యాక్‌లాగ్ ఉంటే వెంటనే తీర్చెయ్యమనండి.

ఎస్‌ఎస్‌బీ ఐదు రోజులు. మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే చాలామంది ఇంటిదారి పడతారు. సైకాలజీ పరీక్షలో 60 పదాలు, ఒక్కో పదానికి 15 సెకన్లు. 60 సందర్భాలకి 30 నిమిషాలు. ఇంజనీరింగ్ పిల్లలు ఎక్కువగా తడబడేది మాత్రం మైదానంలో. పలక, దుంగ, తాడు ఇచ్చి, ఎరుపు రంగు తాకకుండా దాటమంటారు. మనవాళ్లు దుంగ ఎక్కడ ఆనించాలో లెక్క కట్టుకుంటూ మౌనంగా నిలబడతారు. ఈలోపు మాట వినిపించినవాళ్లు జట్టును నడిపించేస్తారు. ఆలోచన తప్పయినా పర్వాలేదు, పైకి చెప్పాలి, ఇంకొకరి మంచి ఆలోచనకి చేయి కూడా కలపాలి. ఇంటర్వ్యూకి ముందు నింపే పీఐక్యూ (వ్యక్తిగత వివరాల) ఫారంలో లేని హాబీలు రాయొద్దనండి. ప్రశ్నలు అక్కణ్నుంచే పుడతాయి.

నెగ్గితే ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ)లో 49 వారాల శిక్షణ. ఆ కాలంలో నెలకి రూ. 56,100 స్టైపెండ్. మధ్యలో తనంతట తానే మానేస్తే ఖర్చు కట్టించుకుంటారు. ఇంకో ముఖ్యమైన సంగతి: సివిల్ చదివినంత మాత్రాన ఇంజనీర్స్ కోర్ ఖాయం కాదు. అభ్యర్థి ఇష్టం అడుగుతారు, నిర్ణయం మాత్రం సైన్యానిదే.

ఇక కల్నల్ విషయం. రెండేళ్లకి కెప్టెన్, ఆరేళ్లకి మేజర్, పదమూడేళ్లకి లెఫ్టినెంట్ కల్నల్. ఇవి కాలాన్ని బట్టి వచ్చేవి. పార్ట్ బి, పార్ట్ డి అనే పదోన్నతి పరీక్షలు మాత్రం పాసవ్వాలి. ఆ పైనుంచి సెలక్షన్ బోర్డే. అక్కడ చూసేది ఏటా పై అధికారి రాసే ఏసీఆర్‌లు (పనితీరు నివేదికలు). కాబట్టి కల్నల్ పోటీ మొదటి పోస్టింగ్‌లోనే మొదలైనట్టు లెక్క. షార్ట్ సర్వీస్ పదేళ్లు, మరో నాలుగేళ్లు పొడిగించుకోవచ్చు. పైకి వెళ్లాలంటే పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా సర్వీసు) దక్కాలి. 2020 ఫిబ్రవరి సుప్రీంకోర్టు తీర్పుతో మహిళలకి ఆ తలుపు తెరుచుకుంది. 2023లో సెలక్షన్ బోర్డు ద్వారా మహిళలు కల్నల్ అయ్యారు. బోర్డులో రానివాళ్లకి 26 ఏళ్ల సర్వీసుకి టైమ్ స్కేల్ కల్నల్ వస్తుంది గానీ రెజిమెంటు కమాండ్ రాదు. బ్రిగేడియర్, ఆపైన ఇంకా ఇరుకు. అయినా దారి ఉంది: ఇంజనీర్స్ నుంచి వచ్చిన జనరల్ మనోజ్ పాండే 2022లో సైన్యాధిపతి అయ్యారు.

ఈ పని ఎలా ఉంటుందో మీ ఊరి యూనిట్‌నే చూడండి. ఊల్సూరు చెరువు పక్కనున్న మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ జవాన్లు 2024 ఆగస్టు 1న వయనాడ్ చూరల్‌మలలో 190 అడుగుల బెయిలీ వంతెన (ముందే తయారైన ఉక్కు ప్యానెళ్లు బిగించి కట్టేది) పూర్తిచేశారు. 24 టన్నుల సామర్థ్యం, 31 గంటల పని. అక్కడ ముందుండి నడిపించింది మేజర్ సీతా షెల్కే. బెయిలీ ప్యానెల్ ఒక్కోటి పదడుగులు, దాదాపు 260 కిలోలు, ఆరుగురు కలిసి మోయాలి. అంటే 190 అడుగులకి 19 వరసలు. ఒడ్డు మట్టి ఎంత బరువు తట్టుకుంటుంది, వంతెనని ముందుకి తోసే మొదటి రోలర్ ఎక్కడ పెట్టాలి అన్నది ఆఫీసరే తేల్చాలి. వానలో, నిద్ర లేని జవాన్లతో ఆ పని చేయించాలి. మీ అమ్మాయి చదివే సాయిల్ మెకానిక్స్ అక్కడ పనికొస్తుంది. కానీ ఏసీఆర్‌లో బరువు తూగేది ఆ జవాన్లని నడిపించిన తీరు.

పరుగు ఇప్పుడే మొదలుపెట్టించండి. అమ్మాయిలు శిక్షణకి వెళ్లేసరికి 2.4 కిలోమీటర్లు 13 నిమిషాల్లో పరిగెత్తాలి, 15 పుషప్‌లు తియ్యాలి. ఈత రాకపోతే ఈ వేసవిలోనే చేర్పించండి.