అల్యూమినియం, రాగి ప్లేట్ల ఫ్రిక్షన్ స్టిర్ (తిరిగే టూలు రాపిడితో వేసే) అతుకు నున్నగా వస్తోంది, వంచితే విరుగుతోంది. స్పీడు పెంచాలా?

తమ్ముడూ, వద్దు. తగ్గించు.

డిప్లొమా ప్రాజెక్టు కోసం కాలేజీ మిల్లింగ్ మెషిన్ మీద 3 మిల్లీమీటర్ల ప్లేట్లు అతుకుతున్నామని రాశావు. అనంతపురంలో బీటెక్ చదివేటప్పుడు మా నలుగురి ప్రాజెక్టు కూడా ఇదే, నువ్వు చేస్తున్న తప్పే మేమూ చేశాం. కొలిమిలో ఇనుము ఎంత ఎర్రగా కాలితే అంత బాగా అతుకుతుంది కదా అనే లెక్కతో స్పీడు 1400 ఆర్‌పీఎం దాకా తీసుకెళ్లాం. పైన వెండి గీతలా మెరిసే అతుకు వచ్చింది, అందరం దాంతో ఫోటోలు కూడా దిగాం. మా సార్ దాన్ని వైస్‌లో బిగించి సుత్తితో ఒక్కటి వేశారు. ఎండిన చెనిక్కాయలా పటుక్కుమంది.

ఎందుకంటే అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర, రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతాయి. ఫ్రిక్షన్ స్టిర్‌లో లోహం కరగకూడదు. రాపిడికి మెత్తబడాలి, టూలు కొనన తిరిగే పిన్ను దాన్ని ముద్దలా కలిపి అతకాలి. 1991లో ఇంగ్లండ్‌లోని వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ పద్ధతి పుట్టింది కూడా మామూలుగా వెల్డింగ్‌కు లొంగని అల్యూమినియం కోసమే. మనం 660 దాటడం లేదు కదా అని ధైర్యంగా ఉంటాం. చిక్కు ఇక్కడే ఉంది. అల్యూమినియం, రాగి ఒకదానికొకటి తగిలిన చోట కరగడం 548 డిగ్రీలకే మొదలవుతుంది. అంతకంటే తక్కువ వేడిలో కూడా రెండూ కలిసి మధ్యలో ఒక కొత్త పదార్థం పొరగా ఏర్పడుతుంది. అది గట్టిదే, కానీ గాజులాంటిది. పొర బాగా పలచగా ఉంటే అతుకు పట్టిందని అర్థం. వేడి ఎక్కువై మందంగా పెరిగిందా, విరిగేది అక్కడే. పైనుంచి ఎంత చూసినా కనపడదు.

మాకు పని జరిగింది మూడు మార్పులతో. మొదటిది, స్పీడు 900కు దించి టేబుల్ ఫీడ్, అంటే ప్లేట్లతో టేబులు జరిగే వేగం, కొంచెం పెంచాం. రెండోది, పిన్ను సరిగ్గా జాయింట్ గీత మీద కాకుండా అల్యూమినియం వైపు ఒకటిన్నర మిల్లీమీటర్లు జరిపాం. మా పిన్ను 5 మిల్లీమీటర్లది, కాబట్టి రాగిని అంచున గీరుతుందంతే. రాగిని ఎక్కువ తవ్వితే పెద్ద తునకలు అల్యూమినియంలోకి వచ్చిపడతాయి, ఒక్కో తునక చుట్టూ మళ్లీ ఆ గాజు పొరే. మూడోది ఏ ప్లేటు ఏ పక్కన పెట్టాలన్నది, మాకు వారం తిన్నది ఇదే. పైనుంచి చూస్తే టూలు గడియారం ముల్లులా తిరుగుతూ ప్లేట్ల మీద ముందుకు పోతోందనుకో, రాగి ఎడమ పక్కన ఉండాలి. మేం తిప్పి పెట్టినన్నాళ్లూ లోపల సొరంగంలా ఖాళీ మిగిలింది. మిల్లింగ్‌లో కదిలేది టేబులు, టూలు కాదు. అందుకే తికమక పడతాం. కాగితం మీద బాణాలు గీసుకుని చూడు.

టూలుకు వేడిని తట్టుకునే హెచ్ 13 స్టీలు తీసుకుని హార్డెనింగ్ చేయించు. మేం మొదట మామూలు మైల్డ్ స్టీలుతో చేస్తే పిన్ను రాగిలోనే ఉండిపోయింది. పిన్ను పొడవు ప్లేటు మందం కంటే రవ్వంత తక్కువ ఉండాలి, లేదంటే కింది బ్యాకింగ్ ప్లేటును కూడా అతికేస్తావు. టూలును వెనక్కి రెండు డిగ్రీలు వంచు. చివర పిన్ను పైకి లేచిన చోట గుంత ఎలాగూ పడుతుంది, టెస్టు ముక్క అక్కడ కోయకు. క్లాంపులు మాత్రం లోభించకుండా బిగించు. కింది ఒత్తిడికి మా ప్లేట్లు ఒకసారి విడిపోయి పైకి లేచాయి. స్పిండిల్ బేరింగ్ పోతుందని ల్యాబ్ అన్న రోజూ గొణిగేవాడు, ఆయన భయంలో న్యాయం ఉంది.

లేత్ మీద కడ్డీలు తిప్పి అతకొచ్చా అని కూడా అడిగావు. అది వేరే పద్ధతి, రోటరీ ఫ్రిక్షన్. బోరు మోటార్ల స్టార్టర్ దగ్గర అల్యూమినియం వైరును రాగి టెర్మినల్‌కు బిగించే బైమెటల్ లగ్గులు చూసుంటావు, వాటిని అతికేది ఎక్కువగా ఇలాగే. మా చీనీతోటలో లగ్గు లేకుండా రెండు వైర్లూ మెలేసి టేపు చుట్టిన జాయింటు ఏడాది తిరక్కుండానే కాలిపోయింది. అల్యూమినియం మీద ఎప్పుడూ ఆక్సైడ్ పొర ఉంటుంది, మెలేస్తే అది పోదు. రోటరీలో మెత్తబడిన లోహం అంచుల్లోంచి బయటికి పొంగుతూ ఆ పొరను కూడా తోసేస్తుంది. అయితే అసలు యంత్రంలో కడ్డీ ఠక్కున ఆగాలి, ఆ వెంటనే గట్టిగా నొక్కాలి. మామూలు లేత్ అలా ఆగదు. లేత్ రెండో చివరనుండే టెయిల్‌స్టాక్‌తో నొక్కే ప్రయత్నంలో మా కడ్డీ వంగి, దాన్ని పట్టి తిప్పే చక్‌లోంచి ఎగిరింది. ఎవరికీ తగల్లేదు, అదృష్టం. నువ్వు చేయకు.

ఇప్పటిదాకా విరిగిన ముక్కలు పారేశావా? ఉంటే రాగి ముఖం చూడు. ఎర్రగా శుభ్రంగా ఉంటే అసలు అతకనే లేదు. బూడిదరంగులో పెళుసుగా పగిలినట్టుంటే వేడి ఎక్కువైంది. అల్యూమినియం చిరిగి దానికి పట్టుకుని ఉంటే దారిలో పడ్డావు. ఏది కనపడిందో, స్పీడు ఎంత పెట్టావో కింద రాయి, ఫీడ్ సంగతి అప్పుడు చూద్దాం.