ఎదిగే దేశానికీ, అగ్రదేశానికీ యుద్ధం తప్పదా?
ఎదుగుతున్న దేశం అగ్రస్థానంలోని దేశంతో చివరికి యుద్ధానికి దిగి తీరుతుందా అన్న ప్రశ్నకు, తప్పదని చెప్పలేమన్నదే నా సమాధానం. 19వ శతాబ్దం ముగిసేనాటికి ఉక్కు ఉత్పత్తిలో బ్రిటన్‌ను అమెరికా, జర్మనీ రెండూ దాటిపోయాయి. అమెరికాకు బ్రిటన్ దారి ఇచ్చింది. మధ్య అమెరికాలో రెండు మహాసముద్రాలను కలిపే ఓడల కాలువను అమెరికా ఒక్కటే తవ్వి నడుపుకోవడానికి 1901 ఒప్పందంలో అంగీకరించింది. జర్మనీ మాత్రం 1898, 1900 నౌకాదళ చట్టాలతో ఉత్తర సముద్రంలో, అంటే బ్రిటన్ గుమ్మం ముందే, యుద్ధనౌకలను పెంచుకుంటూ పోయింది. తిండిగింజలను సైతం ఓడల మీద తెచ్చుకునే ద్వీపదేశానికి అది ప్రాణసంకటంగా తోచింది. విచిత్రమేమిటంటే, 1906లో అప్పటివరకు ఉన్న యుద్ధనౌకలన్నిటినీ మించిన డ్రెడ్‌నాట్ అనే కొత్తరకం యుద్ధనౌకను రంగంలోకి దించి బ్రిటన్ తన పాత నౌకల విలువను తానే తగ్గించుకోవడంతో, పోటీ దాదాపు మళ్లీ మొదటికొచ్చింది. 1914 యుద్ధానికి ఇదొక్కటే కారణం కాదు గానీ, బ్రిటన్ ఫ్రాన్స్, రష్యాల వైపు మొగ్గడంలో దీని పాత్ర పెద్దదే.