ఫ్లక్స్ లెక్కలు రావట్లేదని ఇంజినీరింగ్ మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి సీనియర్ ఇంటర్ ఎంపీసీ. టెన్త్‌లో, ఫస్టియర్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఈ ఏడాది ఫిజిక్స్‌లో విద్యుత్ ఆవేశాలు, క్షేత్రాల చాప్టర్ మొదలైనప్పటి నుంచి వెనకబడింది. వీక్లీ టెస్టుల్లో ఎలక్ట్రిక్ ఫ్లక్స్ లెక్కలు వరసగా తప్పుతోంది. ‘ఫిజిక్స్ నా వల్ల కాదు, ఇంజినీరింగ్ వద్దు, డిగ్రీలో చేరతా’ అంటోంది. వాళ్లమ్మేమో ఫిజిక్స్ గొడవ ఉండదు కదా, సీఎస్‌ఈ తీసుకోమంటోంది. ట్యూషన్ పెట్టించాలా? దారి మార్చాలా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మార్కులు తగ్గాయని రాశారు గానీ, లెక్క ఎక్కడ తప్పుతోందో రాయలేదు. ముందు ఆ టెస్టు పేపర్లు తెప్పించుకుని, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మీకు ఫిజిక్స్ తెలియకపోయినా పర్వాలేదు. ఈ లెక్కల్లో పిల్లలు దెబ్బతినే చోట్లు రెండు మూడే.

ఫ్లక్స్ అంటే ఒక తలం గుండా విద్యుత్ క్షేత్రం ఎంత దాటుతోందో చెప్పే కొలత. ఏకరీతి క్షేత్రంలో చదునైన తలం ఉంటే అది క్షేత్ర తీవ్రత, వైశాల్యం, కాస్ తీటా – ఈ మూడింటి లబ్ధం. సూత్రం ప్రతి పిల్లకీ నోటికొచ్చు. తీటా ఎవరికీ ఎవరికీ మధ్య కోణం అని అడగండి, సగం మంది ‘క్షేత్రానికీ తలానికీ మధ్య’ అంటారు. అక్కడే పోయింది. ఆ కోణం క్షేత్రానికీ, తలానికి లంబంగా నిలబడే బాణానికీ మధ్యది. ఆ బాణాన్నే నార్మల్ అంటారు. కాలువలో వల పట్టినట్టు ఊహించుకోమనండి. వల నీటికి అడ్డంగా, ఎదురుగా ఉంటే ప్రవాహమంతా దానిలోంచే పోతుంది. అప్పుడు నార్మల్ ప్రవాహం వెంటే ఉంటుంది, కోణం సున్నా, కాస్ విలువ ఒకటి. వలను పక్కకు తిప్పి ప్రవాహం వెంబడి నిలబెడితే చుక్క నీరు కూడా దాన్ని దాటదు. కోణం 90 డిగ్రీలు, ఫ్లక్స్ సున్నా.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోనే ఉన్న లెక్క తీసుకోండి. క్షేత్రం ఎక్స్ అక్షం వెంబడి కూలుంబ్‌కు 3000 న్యూటన్లు. 10 సెంటీమీటర్ల భుజం ఉన్న చతురస్రం, వై-జడ్ తలానికి సమాంతరంగా ఉంది. వైశాల్యం 0.01 చదరపు మీటర్లు. (ఇక్కడే 0.1 అని రాసి పోగొట్టుకునేవాళ్లు బోలెడు మంది. సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చాక వర్గం చేయడం మర్చిపోతారు.) నార్మల్ ఎక్స్ అక్షం వెంబడే ఉంది కాబట్టి ఫ్లక్స్ 30. నార్మల్ 60 డిగ్రీలు వాలితే 15. ఇప్పుడు ప్రశ్నలో ఒక్క మాట మార్చి ఇవ్వండి: ‘తలం క్షేత్రంతో 60 డిగ్రీల కోణం చేస్తోంది’. మళ్లీ 15 అని రాసిందా? అయితే మీ అమ్మాయి జబ్బు ఇదే. తలం 60 డిగ్రీలు చేస్తే నార్మల్ చేసేది 30, జవాబు దాదాపు 26. ఎంట్రెన్స్ పేపర్లలో ఆప్షన్లు ఇచ్చేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు, 15 కూడా ఆప్షన్లలో పెట్టే ఉంచుతారు.

క్షేత్రాన్ని ఐ, జె, కె లలో (అంటే ఎక్స్, వై, జడ్ దిశల్లో విడగొట్టి) ఇచ్చినప్పుడు కొందరు తడబడతారు గానీ నిజానికి అది ఇంకా తేలిక. క్షేత్రం 2ఐ + 3జె + 5కె, తలం ఎక్స్-వైలో 4 చదరపు మీటర్లు అంటే, నార్మల్ జడ్ వైపు ఉంటుంది కాబట్టి 5 ఒక్కటే పనికొస్తుంది. ఫ్లక్స్ 20. మిగతా రెండూ తలాన్ని రాసుకుంటూ పోతాయి తప్ప దాన్ని దాటవు.

ఈ తప్పులన్నీ తెలివికి సంబంధించినవి కావు. బొమ్మ గీయకుండా సూత్రంలో అంకెలు వేసేయడం వల్ల వచ్చేవి. వీక్లీ టెస్టుల హడావుడిలో పిల్లలకు ఆ అలవాటు పడుతుంది, వాళ్లనూ అనలేం.

అసలు పరీక్ష వేరే లెక్క. అదీ ఎన్‌సీఈఆర్‌టీదే. 10 సెంటీమీటర్ల చతురస్రం మధ్యబిందువుకు సరిగ్గా 5 సెంటీమీటర్ల పైన 10 మైక్రోకూలుంబ్‌ల ఆవేశం ఉంది. చతురస్రం గుండా ఫ్లక్స్ ఎంత? ఇక్కడ క్షేత్రం చోటుచోటుకీ మారుతుంది, కాస్ తీటా సూత్రం నేరుగా పనిచేయదు. ఆ చతురస్రం ఒక ఘనానికి ఒక ముఖం, ఆవేశం ఘనం నట్టనడుమ ఉందని చూడగలిగితే గాస్ నియమం (మూసి ఉన్న తలం గుండా మొత్తం ఫ్లక్స్ లోపలున్న ఆవేశాన్ని బట్టే ఉంటుంది) ప్రకారం మొత్తం ఫ్లక్స్‌లో ఆరో వంతు దీనిది. దాదాపు 1.88 లక్షల న్యూటన్ మీటర్ స్క్వేర్ పర్ కూలుంబ్. ఈ లెక్క అమ్మాయికి వెంటనే రావాలని కాదు. మీరో, లెక్చరరో ఒకసారి విప్పి చెప్పినప్పుడు తన మొహం చూడండి. ‘ఓ, అంతేనా!’ అని ఇంకో లెక్క అడిగితే దిగులే అక్కర్లేదు. అర్థమయ్యాక కూడా విసుగే మిగిలితే, అప్పుడు మాట్లాడుకోవాల్సింది బ్రాంచి గురించి.

సీఎస్‌ఈ విషయం. ఫిజిక్స్ తప్పించుకోవడానికి సీఎస్‌ఈ అనే లెక్క సగమే నిజం. సీటు రావాలంటే ముందు ఎంట్రెన్స్ దాటాలి. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నల్లో ఫిజిక్స్‌వి 40, మ్యాథ్స్‌వి 80, నెగెటివ్ మార్కులు లేవు. మ్యాథ్స్ బలంగా ఉంటే ఒక చాప్టర్ పోయినా మునిగిపోరు. జేఈఈ మెయిన్‌లో మాత్రం 75లో 25 ఫిజిక్సే, తప్పు రాస్తే ఒక మార్కు కోత. పైగా చాలా యూనివర్సిటీల్లో సీఎస్‌ఈ ఫస్టియర్‌లోనూ ఫిజిక్స్ పేపరుంటుంది. ఆ తర్వాత ఈ ఫ్లక్స్‌తో పెద్దగా పనుండదు. ఈఈఈ అయితే కథ వేరు: ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్ అనే సబ్జెక్టులో మొదట్లోనే ఇదే గాస్ నియమం, ఈసారి కాల్‌క్యులస్‌తో కలిసి వస్తుంది. ఈసీఈలో యాంటెన్నాల దగ్గరా అంతే. విసుగు నిజమైతే ఆ రెండు బ్రాంచీలూ పక్కన పెట్టడంలో తప్పు లేదు. కంప్యూటర్లంటే ఇష్టం ఉంటే సీఎస్‌ఈ తీసుకోవచ్చు. భయంతో తీసుకుంటే రేపు ఇంకో సబ్జెక్టు దగ్గర ఇదే మాట వినాల్సి వస్తుంది.

డిగ్రీ అంటోంది కదా, అందులో ఏ కాంబినేషనో అడిగారా? మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ అయితే ఫిజిక్స్ అక్కడికీ వెంటొస్తుంది. బీకాం, లా లాంటివి మనసులో ఉంటే అది వేరే సంగతి, విడిగా కూర్చుని వినాల్సిన సంగతి. ఏదైనా ఇవాళే తేల్చాల్సిన పని లేదు. డిగ్రీ సీట్ల కోసం దోస్త్‌కు దరఖాస్తు చేయాల్సిందీ, ఇంజినీరింగ్‌కు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాల్సిందీ ఇంటర్ పరీక్షలయ్యాకే.

ట్యూషన్ ఇప్పుడే వద్దు. కాలేజీలో రోజంతా వింటున్న పిల్లకు సాయంత్రం ఇంకో గంట వినడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. స్టడీ అవర్స్‌లో ఫిజిక్స్ లెక్చరర్ దగ్గరికి వెళ్లమనండి, ‘నాకు రాదు’ అని కాకుండా తప్పిన లెక్క తీసుకుని, బొమ్మ గీసుకుని మరీ. వచ్చే రెండు టెస్టుల వరకు ఇంట్లో ఫ్లక్స్ లెక్క ఏది చేసినా ముందు తలం, దానిపై నార్మల్ బాణం, తర్వాత క్షేత్రం గీసి, కోణం గుర్తుపెట్టాకే సూత్రం రాయాలని షరతు పెట్టండి. అప్పటికీ అవే తప్పులు వస్తుంటే ఆ పేపర్ల ఫొటోలు జతచేసి మళ్లీ రాయండి.