నైజర్‌లో మెనింజైటిస్ మహమ్మారిని ముందే ఎలా పసిగడతారు?

(నైజర్ అంటే నైజీరియా కాదు, దాని ఉత్తరాన ఉన్న దేశం. మెనింజైటిస్ అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే పొరలకు వచ్చే వాపు జబ్బు.)

ప్రతి జిల్లా నుంచీ వారం వారం కేసుల లెక్క వెళ్తుంది. ఒక వారంలో లక్ష జనాభాకు 3 అనుమానిత కేసులు దాటితే హెచ్చరిక, 10 దాటితే మహమ్మారి కిందే లెక్క. చిన్న జిల్లాలకు లెక్క వేరు. డిసెంబర్ నుంచి జూన్ దాకా, దుమ్ముగాలులు వీచే పొడి కాలంలో టెన్షన్ ఎక్కువ.

కానీ లెక్క ఒక్కటే చాలదు. ఏ బ్యాక్టీరియానో, అందులో ఏ రకమో తెలియాలి. అందుకు రోగి నడుము దగ్గర సూది గుచ్చి వెన్నులోని నీరు తీస్తారు. మామూలుగా తేటగా ఉండేది, జబ్బు ఉంటే తరచుగా కలక బారుతుంది. ఆ శాంపిల్‌ను రాజధాని నియామేలోని సెర్మెస్ ల్యాబ్‌లో పీసీఆర్ పరీక్ష (బ్యాక్టీరియా డీఎన్ఏను వెతికే పరీక్ష) చేస్తారు. నన్నడిగితే అసలు కష్టం ఇక్కడే: ఎండలో, మట్టి రోడ్ల మీద వందల కిలోమీటర్లు వచ్చేసరికి బ్యాక్టీరియా చచ్చిపోవచ్చు, అప్పుడు కల్చర్‌లో (ల్యాబ్‌లో పెంచి చూసే పద్ధతిలో) పెరగదు. పీసీఆర్‌కు బతికున్న సూక్ష్మజీవి అక్కర్లేదు.

రకం తెలియడం ఎందుకంత ముఖ్యం? 2010 నుంచి వేసిన మెన్‌ఆఫ్రివాక్ టీకా (మన పుణెలోని సీరమ్ సంస్థదే) ఈ జబ్బు తెచ్చే మెనింగోకాకస్ బ్యాక్టీరియాలో ఎ రకాన్ని దాదాపు తుడిచేసింది. 2015లో నైజర్‌లో సి రకం విరుచుకుపడింది, 8,500కు పైగా కేసులు. ఎ టీకా దానిమీద పనిచేయదు. పైగా సి రకానికి పనికొచ్చే టీకాకు అప్పట్లో కొరత. ఇప్పుడు ఎ, సి, డబ్ల్యూ, వై, ఎక్స్ అయిదింటికీ కలిపి ఒకే టీకా వచ్చింది.