మోహనలో శ్రుతి చేసిన 21 తీగలు

ప్రశ్న: చైనా వాద్యం గుజెంగ్ కచేరీ వీడియోలో చూశాం. వేళ్లు కంటికి ఆనడం లేదు. దాని గొప్పంతా వేగమేనా? మనం ఏం గమనించి వినాలి?
– ఓ పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: వేగాన్ని కాసేపు పక్కన పెట్టి ఎడమ చెయ్యి చూడండి. గుజెంగ్‌కి మామూలుగా 21 తీగలు, ఒక్కో తీగ కింద దాన్ని ఎత్తిపట్టే ఒక్కో కదిలే బ్రిడ్జి. సాధారణంగా రెండు శ్రుతిలో (పాశ్చాత్యుల D స్వరం షడ్జంగా) స రి2 గ3 ప ధ2, అంటే అచ్చం మన మోహన రాగం. 5 స్వరాలు 4 స్థాయిలు, ఆపైన ఒక షడ్జం. మధ్యమానికీ (మ) నిషాదానికీ (ని) తీగే లేదు!

అవి కావాలంటే బ్రిడ్జికి ఎడమ పక్కన తీగను నొక్కాలి. వీణ లెక్కలో గ తీగను ఒక మెట్టు (అర స్వరం) పెంచితే శుద్ధ మధ్యమం, ధ తీగను రెండు మెట్లు పెంచితే కాకలి నిషాదం. ఎంత నొక్కాలో చెప్పే మెట్టు మాత్రం ఉండదు. పైగా స్థాయి మారితే తీగ మందమూ మారుతుంది, బలం మళ్లీ కొలుచుకోవాలి. అందుకే మధ్యమం వచ్చిన ప్రతిసారీ చెవి రిక్కించండి. మంద్రంలోనూ (కింది స్థాయి) తారంలోనూ (పై స్థాయి) అది ఒకేచోట నిలిస్తే చెయ్యి తిరిగిన విద్వాంసులే. నొక్కి మీటితే స్వరం తిన్నగా వస్తుంది. మీటాక నొక్కితే కిందినుంచి జారు. కుర్రచేతులు ఆ జారు గమ్యం చేరకముందే తర్వాతి తీగ మీటేస్తాయి.

ఇక కుడిచెయ్యి. వేళ్లకు టేపుతో కట్టుకున్న పెట్టుడు గోళ్లతో ఒకే తీగను ఎడతెగకుండా మీటుతుంటారు. కళ్లు మూసుకుంటే అది ఫిడేలు కమాను లాగినట్టు వినబడాలి. గోరు టకటక పైకి తేలిందంటే పట్టు బిగుసుకుందన్నమాట. వాంగ్ చాంగ్‌యువాన్ 1965లో కూర్చిన ‘తుపానుతో పోరు’ వినండి. గాలి హోరు కోసం బ్రిడ్జిలకు ఎడమ పక్కన, తీగల శ్రుతి లేని భాగాన్నే గీరుతారు. కృష్ణా తీరంవాళ్లకు ఆ హోరు ఎవరూ విప్పిచెప్పక్కర్లేదు. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు: అడుగు తీగ సుమారు 73 హెర్ట్జ్, అది అందులో పలకదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

ప్రశ్న: వీణ నేర్చుకుంటున్నాను. గుజెంగ్ మీద హిందోళం, మాయామాళవగౌళ పలుకుతాయా?
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: హిందోళానికి ఏమీ కదపక్కర్లేదు. గ్రహభేదం చేసి, అంటే ఆధార స్వరాన్ని మార్చి, మోహనలోని గాంధారాన్ని షడ్జం అనుకుంటే చాలు. మాయామాళవగౌళే మొండిది. రి, ధ బ్రిడ్జిలను ఎడమకు జరిపితే పలికే తీగ పొడవు పెరిగి శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం వస్తాయి. కానీ అప్పుడు ధ నుంచి నిషాదానికి మూడు మెట్లు నొక్కాలి, రెండో కాలంలోనే (రెట్టింపు వేగంలో) చెయ్యి తడబడుతుంది. స్వరాలు మెలికలు తిరిగే వక్ర ప్రయోగాల జోలికి పోకుండా ఆలాపనకే వాడుకోండి. జరిపేటప్పుడు బ్రిడ్జిని తలదగ్గర తోయకండి, వాలి పడిపోతుంది. ఎడమ చేత్తో తీగను కొద్దిగా పైకెత్తి, పాదం దగ్గర పట్టుకుని కొంచెం కొంచెంగా కదపండి.