సమాధానం: రెవిట్‌లో ఇటుక లెడ్జ్ మీదికి దిగడం లేదు

తమ్ముడూ, రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో గీస్తున్న అమెరికా ఇంటి డ్రాయింగులో ఇటుక వెనీర్ (గోడ బయటి ఇటుక పొర) పునాది లెడ్జ్ (ఆ ఇటుక కూర్చునే మెట్టు) దాకా రాకుండా గాల్లో వేలాడుతోందన్నావు కదా. బెజవాడలో మనం 9 అంగుళాల గోడ లేపి ప్లాస్టరింగ్ చేసేస్తాం, అందుకే మొదట్లో ఇది నన్నూ ఏడిపించింది. అక్కడ ఇంటి బరువు మోసేది లోపలి చెక్క ఫ్రేమ్. ఇటుక పైతొడుగు మాత్రమే.

గోడ టైప్‌లో స్ట్రక్చర్ తెరిచి, ప్రివ్యూని సెక్షన్‌కి మార్చు. మాడిఫై నొక్కి ఇటుక పొర అడుగు అంచు పట్టుకుంటే చిన్న తాళం బొమ్మ వస్తుంది, దాన్ని తెరువు. పక్కనున్న గాలి సందుకీ అంతే. అప్పుడుగానీ గోడ ప్రాపర్టీస్‌లో బేస్ ఎక్స్‌టెన్షన్ డిస్టెన్స్ అందుబాటులోకి రాదు. లెడ్జ్ 8 అంగుళాలు కిందుంటే మైనస్ 8 కొట్టు. మైనస్ మర్చిపోకు.

లెడ్జ్‌కి నేనైతే రెండు పునాది గోడలు గీస్తాను: కింద మందం, పైన పలుచన, లోపలి ముఖాలు ఒకే వరసలో. బోల్తా పడేది లెడ్జ్ వెడల్పు దగ్గర. ఇటుక 3⅝, సందు 1, మొత్తం 4⅝ అంగుళాలు అనుకుంటాం. ఫ్రేమ్ బయట కొట్టే అర అంగుళం షీతింగ్ (పలక) గుర్తుండదు. ఫ్రేమ్ పునాది బయటి అంచుకి సమంగా ఉంటే నీకు 5⅛ కావాలి.

లొకేషన్ లైన్ (గోడ స్థానానికి ఆధారమైన గీత) కోర్ ఫేస్ ఎక్స్‌టీరియర్‌కి, అంటే ఫ్రేమ్ బయటి ముఖానికి, పెట్టు. లేదంటే ఇటుక మందం మార్చినప్పుడల్లా ఫ్రేమ్ జరిగిపోతుంది. ఇంకా తేడా కొడితే సెక్షన్ స్క్రీన్‌షాట్ పెట్టు, చూద్దాం.