‘లా నోవియా’ మళ్ళీ చూడండి, ఈసారి తల్లి మీద కన్నుంచి

పావులా ఓర్తీస్ తీసిన స్పానిష్ సినిమా ‘లా నోవియా’ (2015) చూసి మీరు నిరాశపడ్డారు. పెళ్ళి రోజే పెళ్ళికూతురు పాత ప్రియుడితో గుర్రమెక్కి వెళ్ళిపోవడం, పెళ్ళికొడుకు వెంటపడటం, ఇద్దరు మగవాళ్ళూ ఒకరినొకరు పొడుచుకుని చనిపోవడం... లేచిపోయిన కథలు మనకు కొత్తా, దీన్ని గొప్ప విషాదమని ఎందుకంటారు, దీనికి మూలమైన నాటకం చదవకపోతే అర్థం కాదా అని అడిగారు.

మొదటిసారి నేనూ ఇరవై నిమిషాలకే కట్టేశాను. ఎండ, దుమ్ము, నెమ్మదిగా కదిలే అందమైన మొహాలు. నగల దుకాణం ప్రకటన చూస్తున్నట్టు అనిపించింది. పైగా అందులో ఒక జోలపాట ఉంది కదా, ‘నానా, నీన్యో, నానా’ అని మొదలవుతుంది. పిల్లవాడు నాన్నను పిలుస్తున్నాడేమో అనుకున్నాను! స్పానిష్‌లో ‘నానా’ అంటేనే జోలపాట అని తరువాత తెలిసింది.

తెలియజెప్పింది నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు. ఉద్యోగం పని మీద మాడ్రిడ్‌లో ఏడాదికి పైగా ఉన్నప్పుడు ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆమెది దక్షిణాన అల్మెరియా వైపు పల్లె. ఒక రాత్రి ఈ సినిమా టీవీలో వచ్చింది. వంటింటి బల్ల మీద చిక్కుడుకాయలు ఒలుస్తూ, నటుల కంటే అరక్షణం ముందే ఆమె మాటలు అప్పజెప్పేస్తోంది. మన పాత తరం వాళ్ళు నాటక పద్యాలు అందుకున్నట్టే. ఆ పూట సినిమా కంటే ఆమెనే ఎక్కువ చూశాను.

ఈ సినిమాకు మూలం స్పానిష్ కవి, నాటకకర్త ఫెదెరికో గార్సియా లోర్కా రాసిన ‘బోదాస్ దె సాంగ్రే’ నాటకం, అంటే ‘నెత్తుటి పెళ్ళి’. 1933 మార్చిలో మాడ్రిడ్‌లో మొదటిసారి ఆడారు. దీని వెనుక నిజంగా జరిగిన ఘటన ఉంది. 1928 జూలైలో అల్మెరియా జిల్లా నీహార్ దగ్గర, ‘కోర్తిహో దెల్ ఫ్రైలె’ అనే పెద్ద పొలం ఇంట్లో పెళ్ళి. పెళ్ళికి కొన్ని గంటల ముందు పెళ్ళికూతురు తన బంధువుతో వెళ్ళిపోయింది. దారిలో అతన్ని కాల్చి చంపారు. చంపినవాడు పెళ్ళికొడుకు కాదు, అతని అన్నదమ్ముల్లో ఒకడు. పత్రికల్లో వచ్చిన ఆ వార్తే నాటకానికి విత్తనం.

ఇప్పుడు గమనించండి. నిజంగా జరిగినదాంట్లో తుపాకీ ఉంది, లోర్కా దాన్ని తీసేసి కత్తి పెట్టాడు. వార్తలో పెళ్ళికూతురే కేంద్రం, లోర్కా మాత్రం తెర తీయగానే చూపించేది పెళ్ళికొడుకు తల్లిని. ద్రాక్షతోటకు వెళ్తున్న కొడుకు గుత్తులు కోసుకోవడానికి చాకు అడుగుతాడు. అంతే, ఆమె కత్తులను, వాటిని కనిపెట్టినవాణ్ణి కలిపి తిట్టిపోస్తుంది. ఆమె భర్తనూ ఇంకో కొడుకునూ చంపింది ఫెలిక్స్ కుటుంబం. కోడలు కాబోయే పిల్లకు ఒకప్పటి ప్రియుడు లెయొనార్దో ఆ కుటుంబంలోని వాడే. ఈ సంగతి మొదటి రంగం ముగియకముందే పొరుగావిడ నోటి ద్వారా ఆమె చెవిన పడుతుంది. తెలిసీ సంబంధం ఖాయం చేస్తుంది. పిల్ల తండ్రికి పొలాలు కలవాలి, ఈమెకు మనవలు కావాలి.

మీరు అడిగిన విషాదం రెండో అంకం చివర ఉంది. పెళ్ళికూతురు పారిపోయిందని తెలిసిన క్షణంలో ఆ తల్లి కొడుకును వద్దంటుంది, వెళ్ళకు, వాళ్ళు చంపడంలో ఆరితేరినవాళ్ళు అంటుంది. అదే ఊపిరిలో మాట మార్చి, కాదు, పరుగెత్తు, వెనక నేనూ వస్తున్నాను అంటుంది. పండు కోసుకునే చాకుకే వణికిన మనిషి మిగిలిన ఒక్క కొడుకునూ కత్తి మీదికి తానే తోస్తుంది. పారిపోయిన ఇద్దరిదీ మోహం, దాన్ని ఎవరైనా అర్థం చేసుకోగలరు. ఈమెది మాత్రం తెలిసి తెలిసీ చేసిన పని. అక్కడికి వచ్చేసరికి మా ఇంటి యజమానురాలు చిక్కుడుకాయలు వదిలేసింది.

ఇంకో చిక్కుముడి సినిమా పేరులోనే ఉంది. ‘నోవియా’ అంటే ప్రేయసి, పెళ్ళి కుదిరిన పిల్ల, పెళ్ళికూతురు, అన్నీ. మనకు మూడు మాటలు కావాలి, వాళ్ళకు ఒక్కటి చాలు. ఆమె ఒకప్పుడు లెయొనార్దోకు నోవియా, ఇప్పుడు పెళ్ళికొడుకుకు నోవియా. మాట మారలేదు, మనిషి మారాడు. నాటకంలో లెయొనార్దోకు తప్ప ఎవరికీ పేరు లేదు. తల్లి, పెళ్ళికొడుకు, అత్త, పొరుగావిడ. పెళ్ళి ఇంట్లో మనమూ అందరినీ వరసతోనే పిలుస్తాం కాబట్టి నాకది వింతగా తోచలేదు. వరసకు లొంగనివాడికి మాత్రమే పేరు పెట్టాడేమో అని నా ఊహ.

సినిమాలో కనిపించే ముసలామె ఎవరని కూడా అడిగారు. నాటకంలో మూడో అంకం అడవిలో మొదలవుతుంది. అక్కడ తిరిగే బిచ్చగత్తె మృత్యువు, తెల్లని మొహంతో వచ్చే కుర్ర కట్టెలు కొట్టేవాడు చంద్రుడు. స్పానిష్‌లో చంద్రుడు స్త్రీలింగమైనా లోర్కా మగవాడిగా తెచ్చాడు. సినిమా ముసలామె ఆ బిచ్చగత్తె నుంచి వచ్చిందే. సినిమాలోని గాజు కత్తులు మాత్రం దర్శకురాలి కల్పన, నాకు నచ్చలేదు. లోర్కా కత్తి తోటకు తీసుకెళ్ళే మామూలు చాకు కాబట్టే భయపెడుతుంది. దాన్ని తళతళలాడే వస్తువుగా చేస్తే అలంకారమైపోతుంది. టర్కీలోని కప్పడోకియాలోనూ స్పెయిన్‌లోని మొనేగ్రోస్ ఎడారి నేలలోనూ తీసిన దృశ్యాలు అందంగా ఉన్నాయి, అవసరానికి మించి అందంగా. తల్లి వేషం వేసిన లూయిసా గవాసా వీటన్నిటినీ దాటుకుని నిలబడింది. ఆమెకు సహాయ నటిగా స్పెయిన్ సినిమా పురస్కారమైన గోయా వచ్చింది, న్యాయంగానే వచ్చింది.

నాటకం మొత్తం చదవనక్కరలేదు. మొదటి రంగం ఒక్కటి చదవండి, పావుగంట పని. వీలైతే దానికి ముందు కార్లోస్ సౌరా 1981లో తీసిన ‘బోదాస్ దె సాంగ్రే’ చూడండి. ఆంతోనియో గాదెస్ బృందం ఫ్లామెంకో నృత్యంగా చేసిన ఇదే కథ అది. ముందు నర్తకులు రంగులు పూసుకుంటారు, ఒళ్ళు వేడెక్కించుకుంటారు, తరువాత ఖాళీ హాలులో ఆట మొదలవుతుంది. సంభాషణలు దాదాపు లేవు కాబట్టి కింద అక్షరాల వెంట పరుగెత్తే బాధ లేదు. కత్తుల పోరు వచ్చినప్పుడు సంగీతం ఆగిపోతుంది. ఇద్దరూ నిజంగానే ఒళ్ళు నెమ్మదింపజేసి కొట్టుకుంటారు, కెమెరా మాయ కాదు. నాకు రెండింటిలో అదే గొప్పది. అయితే తల్లి మాట వినబడాలంటే మళ్ళీ ‘లా నోవియా’కే రావాలి.

ఆ రాత్రి సినిమా అయిపోయాక మా ఇంటి యజమానురాలు టీవీ కట్టేసి నాటకం చివరి మాటలు చెప్పింది. అక్కడ కత్తి ‘కుచియో’ మాత్రమే కాదు, వెంటనే ‘కుచియీతో’ కూడా. మాట చివర ‘ఇతో’ చేరిస్తే చిన్నది, ముద్దుది అని. పసిపిల్లల చేతుల గురించి, పొద్దుటి కాఫీ గురించి ఆమె రోజూ అలాగే అంటుంది. కొడుకు పోయిన తల్లి ఆ కత్తిని అలా అంటుంది, అరచేతిలో పట్టీ పట్టనంత చిన్నది అని. నేను చూసిన సబ్‌టైటిళ్లలో ‘చిన్న కత్తి’ అని మాత్రమే ఉంది.